పార పట్టిన పరదేశులు

ప్రతివత్సరమును డిసెంబరు 5వ తేదీని స్వచ్ఛందసేవకుల దినముగా లోకమంతట జరుపుచున్నారు. ఐక్యరాజ్యసమితి మహాసభ 1985లో చేసిన తీర్మానమువలన ఈ ఆచార మేర్పడినది. ఆనాడు సభలు జరుగును. సేవాధర్మమునుగూర్చి ఉపన్యాసములు వినవచ్చును. భిన్నమతములకు చెందిన యువజనులు పరదేశమునకు పోయి యొక పాఠశాలకు గోడ పెట్టుచున్నట్లును, ఒక పల్లెలో బావి త్రవ్వుచున్నట్లును ఛాయాచిత్రములు ప్రకటింపబడును. వానిని చూచి సంతసించువారు సంతసింతురు. “వీరి ప్రయాణవ్యయముతో అచ్చటి తాపీవాండ్రే ఇట్టి గోడలు పది కట్టియుండరా?” యని నవ్వువారు నవ్వుదురు. ఆ నవ్వును మేము త్రోసివేయము. అది న్యాయమైన ప్రశ్నయే. గోడ కట్టుటయే ప్రయోజనమైనచో పరదేశి రానక్కరలేదు. కావున పరదేశి వచ్చి చేసిన సేవలో గోడ కాక మరియేమి యున్నదో చూడవలసియున్నది. దీనికి సమాధానము దూరమున వెదకనక్కరలేదు. మన దేశమునందే, బీహారు మట్టిలో, అది యొకప్పుడు స్పష్టముగా కనబడినది.

1934 జనవరి 15వ తేదీ మధ్యాహ్నము రెండుగంటలు దాటిన కొలది నిమిషములకు ఉత్తరబీహారమును నేపాళమును భూకంపముచే తల్లడిల్లినవి. ముంగేరు పట్టణము రాళ్లకుప్ప యైనది. ముజఫరుపురమునందు ఇండ్లు కూలినవి. నేల నోరు తెరచి నీటిని, ఇసుకను వెడలగ్రక్కెను. బావులు పూడిపోయెను. పైరుపొలములు ఇసుకమేటలయ్యెను. బీహారునందే ఏడువేలమందికి పైగా మరణించిరి. అప్పటికి బాబూ రాజేంద్రప్రసాదుగారు చెరసాలలో నుండిరి. విడుదలయైన వెంటనే, దేహము రోగపీడితమై యున్నను, సహాయసంఘమును నిర్మించి దాని భారమును తలదాల్చిరి. ఆ సంఘపు జమాఖర్చులను చూచుటకు వచ్చినవారు తంజావూరు సీమకు చెందిన క్రైస్తవుడు, జె. సి. కుమారప్పగారు. సేవకునకు దినమునకు మూడణాలకు మించి వ్యయము కూడదని నిర్ణయించి, ఆ నియమమును గాంధీమహాత్ముని పరివారమునకు సయితము వర్తింపజేసిన కఠినుడాయన. దాతలు పంపిన ప్రతి కాసునకును లెక్క చెప్పవలెనను పట్టుదల ఆయనకు మతమువంటిది. సహాయనిధులు పెట్టువారెల్లరును ఈ యొక్క సంగతిని గోడపై వ్రాసికొనదగును.

ఆ భూకంపమును గూర్చి మహాపురుషు లిరువురకు వివాదము కలిగిన సంగతి పాఠకులు వినియుందురు. అస్పృశ్యతాపాపమునకు ఈశ్వరుడు విధించిన శిక్ష యని గాంధీజీ పలికిరి. ప్రకృతివిపత్తునకు నీతికారణము నాపాదించుట హేతువిరుద్ధమని రవీంద్రనాథఠాకూరుగారు నిర్మొగమాటముగా ఖండించిరి. ఆ ఖండనమును గాంధీజీ తన పత్రికయందే ప్రకటించి, తన విశ్వాసమును తాను విడువక ప్రత్యుత్తరమిచ్చిరి. ఎవరి వాదము సమంజసమో నేటి పాఠకులకు మేము చెప్పనక్కరలేదు. భూమిపొరల కదలికకు కులభేదములతో సంబంధము లేదు. కాని మేమిచట గమనింపగోరునది వేరు. ఈశ్వరుని చిత్తమెట్టిదను ప్రశ్నపై ఆ యిరువురకు ఏకీభావము కుదురలేదు. కూలినవారిని లేవనెత్తవలెనను విషయమున భేదమే లేదు. భిన్నమతస్థులు కలిసి పనిచేయుటకు ముందు సిద్ధాంతములలో ఏకీభవింపవలెనను వారు ఈ చరిత్రను చదువుదురుగాక.

ఈ వార్తలు యూరపునకు చేరినప్పుడు స్విట్జర్లండులోని యొక ఇంజనీరు చిత్తము కలవరపడెను. ఆయన పేరు పియరు సెరెసోలు. తండ్రి ఆ దేశపు అధ్యక్షపదవి నలంకరించినవాడు. కొడుకు తండ్రినుండి సంక్రమించిన ధనమును దేశమునకే అప్పగించి, తన కష్టార్జితముపై జీవించినవాడు. సైనికసేవకు బదులుగా విధింపబడు పన్నును చెల్లింప నిరాకరించి చెరసాలకు పోయినవాడు. 1931 డిసెంబరున గాంధీజీ స్విట్జర్లండునకు పోయినపుడు అచ్చట ఆయనను కలిసికొనెను. బీహారు కష్టము విన్న సెరెసోలు 1934లో మన దేశమునకు వచ్చి, నష్టపడిన సీమను స్వయముగా చూచి, స్వదేశమునకు పోయి, ఆ సంవత్సరాంతమున మరల వచ్చెను. అప్పటికి ఆయనకు ఏబదియైదేండ్లు. జో విల్కిన్సను, ఫ్రేజరు హోయ్‌లండు అను ఆంగ్లేయులును, పాల్ షెంకరు అను స్విస్సు దేశీయుడును ఆయనతో ఈ సేవలో పాల్గొనిరి. వారు తెచ్చిన ధనము స్వల్పము. తెచ్చిన చేతులు ఎనిమిది. రాజ్యములు పంపు సహాయముతో పోల్చినచో ఇది సముద్రమున కాకిరెట్ట. అయినను ఇంతకాలము పిమ్మట మేము దానినిగూర్చి వ్రాయుచున్నాము. ఎందుచేత?

దాని కారణము తెలియుటకు మరి పదునాలుగేండ్లు వెనుకకు, ఫ్రాన్సులోని వెర్డూను యుద్ధరంగమునకు పోవలెను. 1920 వేసవిని హాలండులోని బిల్తోవెనునందు శాంతివాదులైన క్రైస్తవులు కొందరు సభ చేసిరి. ప్రసంగములు మిక్కుటముగా సాగినవి. అప్పుడొక జర్మను యువకుడు లేచి, తనవారు పాడుచేసిన ఫ్రెంచి గ్రామములను తన చేతులతో తిరిగి కట్టగోరుచున్నానని చెప్పెనట. ఆ మాట సెరెసోలు హృదయమున నాటెను. ఆ నవంబరుననే ఆయన కొలదిమందిని వెంటబెట్టుకొని వెర్డూను చెంతనున్న ఎన్ అను గ్రామమునకు చేరెను. ఫిరంగిగుండ్లకు ఆ గ్రామమున గోడ మిగులలేదు. ఆ కొలదిమందిలో హ్యూబర్టు పారిసను ఆంగ్ల క్వేకరు కలడు. సెరెసోలు సోదరుడే యైన యొక సైనికోద్యోగి కలడు. జర్మనులును గలరు. చలికాలమంతయు వారు గుంతలు పూడ్చిరి, బాటలు బాగుచేసిరి, గుడిసెలు కట్టిరి.

ఆ ప్రయత్నము ఫలించెనా? లేదు. జర్మనులు తమ మధ్య నుండుటను అచ్చటి అధికారులు సహింపరైరి. జర్మనులను పంపివేసి తక్కినవారు పనిచేసికొనవచ్చునని సూచన కలిగినది. సెరెసోలు దాని కంగీకరింపలేదు. 1921 వసంతమున అందరును పనిని విడిచి వెడలిపోయిరి. లెక్కలు చూచు బుద్ధిమంతుడు దీనిని మూర్ఖత్వ మనవచ్చును. పని సగములో నిలిచెను. గ్రామస్థులకు కావలసినవి ఇండ్లు. ఒక్కరిద్దరిని వదలుకొనిన ఇండ్లు సిద్ధమగును. కాని ఆ యొక్కరిద్దరే ఈ సేవకు ప్రాణము. శత్రువును వెలివేసి కట్టిన ఇంటిలో రాబోవు యుద్ధము కాపురముండునని సెరెసోలు ఎరుగును. ఇల్లు కట్టుట సాధనము, నిన్నటి శత్రువుతో కలిసి కట్టుట సాధ్యము. ఈ వివేకమువలననే ఆ విఫలయత్నమునుండి యొక మహావృక్షము మొలచినది. 1927లో రైను నది పొంగి లీక్టెన్‌స్టైన్ అను చిన్న సంస్థానమును ముంచి పొలములను రాళ్లతో నింపగా, మరుసటి యేడు నానాదేశములనుండి ఏడువందలమందికి పైగా స్వచ్ఛందసేవకులు వచ్చి ఆ రాళ్లను ఎత్తిపోసిరి. అంతర్జాతీయ పౌరసేవ యను పేర ఆ సంఘము నేటికిని జీవించుచున్నది. భారతదేశమునను దానికి శాఖ కలదు.

ఇట్టి పూర్వచరిత్రతో వచ్చిన మనుష్యులు బీహారునందేమి చేసిరి? ముజఫరుపురము జిల్లాలో భూకంపమువలన నేల మట్టము మారి వరదల పాలగుచున్న పల్లెలను ఎత్తయిన తావులకు తరలింపవలసియుండెను. వారు గ్రామస్థులతో కలిసి మట్టి త్రవ్విరి, మోసిరి, ఇండ్లు లేపిరి. అట్లు వెలసిన పల్లెకు శాంతిపురమని పేరు పెట్టబడెను. ఆ కాలమును పాఠకులు జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. శాసనోల్లంఘనోద్యమమున వేలకొలది జనులు చెరసాలలు నిండించి యెంతో కాలము కాలేదు. ఆంగ్లేయుడనగా ఆజ్ఞాపించువాడు, పన్ను గొనువాడు, లాఠీ కెత్తించువాడు. అట్టి జాతివాడు మోకాళ్లవరకు బురదలో నిలిచి, మన రైతు తట్ట నెత్తికెత్తగా మోసికొనిపోవుట ఆ పల్లెకు వినని వింత. సెరెసోలు ఒకవైపు ప్రభుత్వోద్యోగులతోను, మరొకవైపు రాజేంద్రప్రసాదుగారి సంఘముతోను పొత్తు కుదుర్చుటకు యత్నించెను. ఒకరి గుమ్మము నొకరు తొక్కని ఆ రోజులలో వరదపల్లె కొరకైనను ఇరువురతోను మాటాడు మనిషి యొకడు దొరకుట సామాన్యలాభము కాదు.

స్వరాజ్యము వచ్చిన పిమ్మట ఈ సేవకు మరింత కఠినమైన పరీక్ష కలిగినది. దేశవిభజనకాలమున హిందూముస్లిములు సిక్కులు పరస్పరము చేసికొన్న దారుణమును వర్ణింప మాకు మనసొప్పదు. వాయవ్యసరిహద్దునుండి సర్వమును కోల్పోయి వచ్చినవారు ఢిల్లీ చెంత ఫరీదాబాదును తమ చేతులతో కట్టుకొనుచుండగా, 1950లో ఆ సంఘపు సేవకులు అచ్చటికి వచ్చిరి. పిమ్మట పాకిస్తానమునందును పనిచేసిరి. సరిహద్దునకు ఆవలనున్న కష్టమును, ఈవలనున్న కష్టమును ఒకే చేతితో తాకగలవాడు ఆనాడు పరదేశియే. మనలో మనకు లేని నమ్మకమును బయటివాడు కొంతకాలము దాచియుంచి మరల మనకే అప్పగించును. పరదేశి రావలసిన అక్కర యేమనువారికి ఇది మా మొదటి సమాధానము.

అయినను కలిసి మోసినంతమాత్రమున స్నేహము కలుగునని మేము భ్రమపడము. అట్టి భ్రమ తొలగించుటకు తెలుగువారి చరిత్రయే చాలును. మన కళింగతీరమునుండియు గోదావరిసీమనుండియు వేలకొలది బీదలు బర్మాకు వలసపోయి రంగూను రేవున బస్తాలు మోసిరి. 1930 మే నెలలో వారు కూలి పెంచుమని సమ్మెచేయగా, ఓడల బరువులు దింపించు వ్యాపారులు బర్మావారిని ఆ పనిలో దింపిరి. సమ్మె తీరి తెలుగువారు మరల పనికి రాగానే బర్మావారిని పొమ్మనిరి. అంతట పుట్టిన కలహములో నూరుమందికి పైగా, అందులో అధికసంఖ్యాకులు మనవారే, హతులైరి. అచ్చటను రెండు జాతులవారు ఒకే రేవున ఒకే బస్తా మోసిరి. కాని ఒకని కూడు మరియొకడు లాగుకొనునట్లు వారిని నిలిపినవాడు వేరొకడుండెను. శ్రమ మనుష్యులను కలుపవలెనన్నచో అందులో పోటీ యుండరాదు, హెచ్చుతగ్గు లుండరాదు, ఒకే కుండలోని అన్నము అందరకు వడ్డింపబడవలెను. శాంతిపురమునకును రంగూను రేవునకును గల భేదము ఇదియే.

మరియొక శంక కలదు. అది మన దేశమున బలమైనది. పరదేశసేవ యనునది మతాంతరమునకు వేసిన ఎర కాదా యని అడుగువారున్నారు. ఈ శంక గాలినుండి పుట్టలేదు. కరవుకాలమున గంజితోపాటు మతము వడ్డించిన సందర్భములు అనేకదేశముల చరిత్రలో గలవు. ఆపన్నుని ఆకలిని అదనుగా గొని అతని దేవుని మార్చజూచుట సేవ కాదు, వాణిజ్యము. ఏ మతమువారు చేసినను మే మట్లే అందుము. కాని దీనికి విరుగుడు తలుపులు మూయుట కాదు. సెరెసోలు తీవ్రమైన దైవభక్తి గలవాడు, పిమ్మట క్వేకరుల సంఘమున చేరినవాడు. అయినను ఆయన స్థాపించిన సేవలో మతప్రచారమునకు తావు లేదు. భక్తుడును, నాస్తికుడును, ఏ మతమువాడును సమానముగా చేరవచ్చును. అన్యమతస్థుడు ప్రక్కనే పార పట్టియుండగా మతబోధకు సందు దొరకదు. అందుచేతనే ఒక్క మతమువారు పోవు సేవకంటె నానామతములవారు కలిసిపోవు సేవ మేలని మేము చెప్పుచున్నాము. ఒకరి కొకరు సోదరులగుటయే కాక, ఒకరి కొకరు కావలివారును అగుదురు.

ఇక మన కాలపు దోషము. పరదేశసేవ నేడు కొన్నిచోట్ల అంగడి సరుకైనది. రుసుము చెల్లించి, రెండు వారములు విహరించి, అనాథబాలుర నెత్తుకొని చిత్రములు తీయించుకొని పోవు ప్రయాణములు అమ్మకమునకు వచ్చినవి. బీహారును వణికించిన హిమాలయమే 2015 ఏప్రిలు 25న నేపాళమును మరల వణికించినది. వేలకొలది జనులు మరణించిరి. నానామతముల సేవాసంఘములు పోయి ప్రశంసనీయముగా పనిచేసినవి. కాని ఆ వెంటనే, పిల్లలను పల్లెలనుండి తరలించి అనాథాశ్రమములలో చూపి విదేశీయుల జాలిని ధనముగా మార్చు దుర్మార్గులను గూర్చి ఐక్యరాజ్యసమితి బాలలనిధి హెచ్చరింపవలసి వచ్చినది. నేపాళమునను కాంబోడియాలోను అట్టి ఆశ్రమములందలి పిల్లలలో అధికసంఖ్యాకులకు తల్లియో తండ్రియో జీవించియే యున్నట్లు తేలినది. జాలిగల యువకుడు తన రాకచేతనే తల్లిబిడ్డలను విడదీయువాడగుచున్నాడు. ఇంతకంటె విషాదకరమైన సేవ యుండునా? కావున పోవువాడు ముందుగా మూడు ప్రశ్నలు వేసికొనవలెను. నన్ను పిలిచినవారు ఆ గ్రామస్థులా, లేక దళారియా? నేను చేయు పని అచ్చటి కూలివాని పొట్ట కొట్టునా? లెక్కలు ఆ గ్రామస్థులు చూడగలరా? ఈ మూడింటికి సరియైన జవాబు లేనిచో ఇంటనే యుండుట మేలు.

ఇంతవరకు వచ్చినవారినిగూర్చి వ్రాసితిమి. మనము పోవుట మాటయేమి? నేడు తెలుగుబిడ్డలు చదువునకై అమెరికాకు, ఆస్ట్రేలియాకు పోవుచున్నారు. కరీంనగరము, నిజామాబాదు, కడప జిల్లాలనుండి బీదలు గల్ఫుదేశములకు పోయి ఎండలో ఇటుకలు మోయుచున్నారు. మొదటివారి ప్రయాణమును గూర్చి మన ఇండ్లలో గర్వముగా చెప్పుకొందుము. రెండవవారిని గూర్చి చెప్పుకొనుటయే లేదు. తెల్లదొర మోసిన తట్టకు సేవ యని పేరు, మన కూలి మోసిన తట్టకు కూలి యని పేరు. రంగూనునకు పోయినవారిని మనము మరచితిమి. ఎడారికి పోయినవారిని కన్నెత్తి చూడము. బరువులో తేడా లేనప్పుడు గౌరవములో తేడా యెచ్చటినుండి వచ్చినది? మట్టి ముట్టుట కొన్ని కులములకు వ్రాసిపెట్టియున్నదను మన పాతజాడ్యమునుండి కాదా? భూస్వాములైన మా పాఠకులను ఈ ప్రశ్న నొప్పించినచో క్షమింతురుగాక. ప్రశ్నను మాత్రము ఉపసంహరించుకొనజాలము.

మన యువకులలో శక్తి లేదని మే మనము. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచినపుడు చూచితిమి. పదివేలమందివరకు జనులు నశించిరని ప్రభుత్వమే లెక్కచెప్పినది. శవములను ఎత్తుటకు, ఉప్పుమేసిన బావులను తోడుటకు మఠములవారును, చర్చిలవారును, మసీదులవారును, ఏ గుడికిని పోని విద్యార్థులును వచ్చిరి. ఆ దినములలో శవము కులమును అడిగినవా డెవడు? కాని నీరు తీసిన పిమ్మట పాత గీతలు మరల కనబడినవి. విపత్తు కలిపిన చేతులను విపత్తు లేనపుడును కలిపియుంచు ఏర్పాటే మనకు లేదు. సెరెసోలు లోకమునకు చూపినది ఆ యేర్పాటు.

అందుచేత మా సూచనలు స్వల్పములు. కళాశాలలు పరదేశసేవకు యువకులను పంపదలచినచో ఒక్క మతమువారిని, ఒక్క కులమువారిని పంపరాదు. పోకముందు వారందరును ఒక వేసవి సెలవు మన జిల్లాలోనే యేదేనొక పల్లెలో, అన్ని వాడలవారితో కలిసి చెరువుపూడిక తీయవలెను, ఒకే పంక్తిని భుజింపవలెను. వంటచెరకు, అంట్లు ఆడపిల్లలకు, పార మగపిల్లలకు అని విభజింపరాదు. ఈ దోషము ఆ యూరపు శిబిరములలోను మొదట ఉండెను. మనము దానిని అనుకరింపనక్కరలేదు. భూస్వాములు ఆ చెరువుగట్టుకు తమ కుమారులను పంపుదురుగాక. పట్టణవాసులు ధనమిత్తురుగాక, కుమారప్పగారివలె లెక్కయు అడుగుదురుగాక. తన ఊరి మాలపల్లెలో మంచినీరు త్రాగజాలనివాడు పరదేశమున మానవసోదరత్వమును చాటబూనుట పరిహాసాస్పదము.

వెర్డూనులో జర్మనుతో కలిసి పనిచేయుటకు వీలులేకున్నచో పనియే వలదని సెరెసోలు వెనుదిరిగెను. మనకును అట్టి పరీక్ష రేపు ఏ చెరువుగట్టుననో కలుగును. “ఆ వాడవాడు లేకున్న మేమందరము వచ్చెదము” అని యెవరో యొకరు మెల్లగా చెప్పుదురు. పని త్వరగా ముగియును గదా యని ఆశయు కలుగును. ఆ నిమిషమున మన యువకులు పార క్రింద బెట్టి, అతడు వచ్చువరకు గట్టుమీద కూర్చుండగలిగిన నాడు వారిని ఏ దేశమునకైనను నిర్భయముగా పంపవచ్చును.